ఒకటిన్నర వేగంలో తోడి

శివనాగు ఆ రోజు గురువుగారింటికి నేర్చుకోవడానికి రాలేదు, తీర్పు చెప్పించుకోవడానికి వచ్చాడు. ఆ తీర్పు తన వైపే వస్తుందని దారి పొడుగునా బండి మీద అనుకుంటూనే వచ్చాడు.

"గురువుగారూ, ఒకళ్లు అపశ్రుతి పాడితే అపశ్రుతి అని చెప్పడం నేరమా?" అన్నాడు, చెప్పులైనా విడవకుండా.

దస్తగిరి సాహెబు తలెత్తలేదు. మూఢం రోజులు. పెళ్లిళ్లు లేవు, మేళానికి పని లేదు. ఇట్లాంటప్పుడే ఆయన వసారాలో చాప పరుచుకుని సన్నాయి ఊదే మూతికి కొత్త పీకలు కట్టుకుంటాడు. డెబ్బై దాటినా దారం చుట్టే వేళ్లు వణకవు. నరసరావుపేట చుట్టుపక్కల ఆయన సన్నాయి మోగని పెళ్లిపందిరి లేదంటే అతిశయోక్తి కాదు.

"చెప్పులిడిచి రా," అన్నాడు.

శివనాగు విడిచి వచ్చి కూర్చున్నాడు. పదహారేళ్లప్పుడు ఈ వసారాలోకి వచ్చినవాడికి ఇప్పుడు ఇరవై అయిదు. మేళంలో గురువుగారి పక్కన రెండో సన్నాయి అతనిదే. వేళ్లు చురుకు. చెవి అంతకంటే చురుకు. వచ్చిన చిక్కంతా ఆ చెవితోనే.

సంగతేమిటంటే, ఫోన్‌లో 'నాదలోగిలి' అని ఒక గ్రూపు ఉంది. మూడు వందల మంది దాకా ఉంటారు. అందరూ సంగీతం నేర్చుకుంటున్నవాళ్లే. పాడేవాళ్లు, వీణవాళ్లు, వయొలిన్‌వాళ్లు, శివనాగు లాంటి సన్నాయివాళ్లు ఇద్దరో ముగ్గురో. వారానికొక రాగం ఇస్తారు. ఎవరింట్లో వాళ్లు పాడి, రికార్డు చేసి అందులో పెట్టాలి. అయితే దానికొక కట్టుబాటు ఉంది. తనది పెట్టే ముందు ఇంకో ముగ్గురివి విని, విన్నవాటి మీద అభిప్రాయం రాయాలి. రాస్తేగానీ తనది పెట్టకూడదు.

చాలామంది "చాలా బాగుందండీ" అని రాసి, కింద ఒక దండం బొమ్మ పెట్టి చేతులు దులిపేసుకునేవారు. శివనాగు అలా కాదు. ఏ నిమిషంలో ఏ సెకను దగ్గర ఏ స్వరం జారిందో విప్పి రాసేవాడు. మొదట్లో జనం ఆశ్చర్యపోయారు. తర్వాత భయపడ్డారు. ఆ తర్వాత 'సెకన్ల సిద్ధాంతి' అని పేరు పెట్టారు. వెక్కిరింపుగానే పెట్టి ఉంటారు, మనవాడు దాన్ని బిరుదనుకున్నాడు. తను రాసినదాని కింద ఎన్ని చప్పట్ల బొమ్మలు పడ్డాయో లేవగానే ఒకసారి, అన్నం తింటూ ఒకసారి చూసుకునేవాడు. దెబ్బ ఇంకొకరి మీద పడింది కదా, మన మీద పడలేదు కదా అన్న సంతోషంతో సగం మంది చప్పట్లు కొడుతున్నారని అతనికి తట్టనే లేదు.

ఈ వారం రాగం తోడి. బొబ్బిలి నుంచి రాజ్యలక్ష్మి అనే ఆవిడ పాడి పెట్టింది. అరవైకి దగ్గర పడిన మనిషి. అంగన్‌వాడీలో పిల్లలకు చెప్పి చెప్పి ఈ మధ్యే ఆ పని మానుకుంది. చిన్నప్పుడు నాలుగేళ్లు పాట నేర్చుకున్నాననీ, ఇన్నేళ్లకు మళ్లీ నోరు తెరిచాననీ గ్రూపులో చేరిన రోజున తనే రాసుకుంది. ఆమె తోడిలో శివనాగు పదకొండు తప్పులు పట్టాడు. మర్నాడు పొద్దున ఆమె గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆమె వెళ్లిపోయినట్టు బూడిదరంగు అక్షరాల వరుస ఒకటి పడింది, అంతే.

గ్రూపు నడిపే వసంతరావుగారు శివనాగుకు విడిగా కబురు పెట్టాడు. "నాయనా, కొన్నాళ్లు నువ్వు ఎవరికీ ఏమీ రాయకు."

ఆ మాట శివనాగుకు పుండు మీద కారంలా తగిలింది. బండి తీశాడు.

"నేను రాసినదాంట్లో ఒక్క అబద్ధం లేదు గురువుగారూ. న్యాయమేందో మీరు చెప్పండి. మీ మాటగా ఆయనకి పంపిస్తా."

"ఏం రాశావో చదువు," అన్నాడు సాహెబు, దారం పంటితో తెంపుతూ.

శివనాగు ఫోను తీసి చదివాడు. నలభయ్యో సెకను దగ్గర గాంధారం వణికింది. యాభై అయిదు దగ్గర మళ్లీ వణికింది. నిమిషం దాటాక నడక పరుగైంది, ఎవరో తరుముతున్నట్టు పాడారు. నిమిషం ఇరవై దగ్గర ధైవతం మీద నిలవకుండా దాటేశారు. అలా పదకొండూ చదివాడు. చదువుతుంటే గొంతులో కొంచెం హుషారు కూడా వచ్చింది. ఎంత పద్ధతిగా రాశాను అనుకున్నాడు.

పదకొండు తప్పుల కింద ఇంకో వాక్యం ఉంది. అది చదవలేదు. కళ్లతో చూశాడు, నోట్లోనే మింగేశాడు.

"అంతేనా?"

"అంతే గురువుగారూ."

సాహెబు కట్టిన పీకను వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. పక్కన పెట్టాడు. గోడకు ఆనించి ఉన్న సన్నాయి తీసి శివనాగు చేతికిచ్చాడు.

"సరే. ఆమె పాడింది వాయించు."

ఇదేనా పరీక్ష అనుకున్నాడు శివనాగు. పీక తడుపుకుని తోడి అందుకున్నాడు. మంచి సన్నాయి, మంచి ఊపిరి, పైగా తోడి అతనికి ఇష్టమైన రాగం. అయిదారు నిమిషాలు ఎక్కడా తొట్రుపడకుండా వాయించాడు. సాహెబు కళ్లు మూసుకుని చివరి స్వరం ఆగేదాకా విన్నాడు.

"బాగుంది. ఇది నీది. ఆమెది వాయించమన్నా."

శివనాగుకు అప్పుడు అర్థమైంది. అర్థమైందనుకున్నాడు. గాంధారాన్ని గజగజ వణికించాడు. ధైవతాన్ని అంటీ అంటనట్టు వదిలేశాడు. నడకను పరుగెత్తించాడు. కాస్త పెంచే వాయించాడు. గురువుగారు నవ్వుతారేమోనని ఓరగా చూశాడు.

సాహెబు నవ్వలేదు. "ఇయ్యి తప్పులు. పాట ఏదిరా?"

శివనాగు మళ్లీ పీక నోట పెట్టుకున్నాడు. పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆమె రాగం ఎక్కడ ఎత్తుకుంది? ఏ స్వరం మీద ఆగి ఊపిరి తీసుకుంది? పై స్థాయికి ఎలా వెళ్లింది, అసలు వెళ్లిందా? కీర్తన ఏ మాటతో మొదలైంది? ఎంత గింజుకున్నా ఒక్కటీ గుర్తుకు రాలేదు. తలలో పదకొండు అంకెలున్నాయి, అవే తిరుగుతున్నాయి.

"గుర్తు లేదు గురువుగారూ," అన్నాడు, మెల్లిగా.

"ఫోన్లో ఉందన్నావుగా. పెట్టు, ఇందాం."

శివనాగు ఫోను చాప మీద పెట్టి నొక్కాడు. రాజ్యలక్ష్మి గొంతు వచ్చింది. సన్నని గొంతు, కొంచెం బొంగురు. సాహెబు ముందుకు వంగి విన్నాడు. కొంచెంసేపటికి ఆయన నుదురు ముడిపడింది.

"ఏందిరా ఇది? ఎవరన్నా తరుముతున్నారా ఆమెని?"

శివనాగుకు ప్రాణం లేచి వచ్చింది. "చూశారా! నేనూ అదే ముక్క రాశాను. మూడో తప్పు!"

సాహెబు కళ్లజోడు సర్దుకుని ఫోను మీదికి ఇంకా వంగాడు. ఆయనకు ఫోనంటే పెళ్లివాళ్లతో మాట్లాడే సాధనం, అంతకుమించి తెలియదు. పీకలు కట్టి ఇంకా తడిగా ఉన్న వేలితో తెర మీద ఒక మూల చూపించాడు.

"ఈడ ఒకటి, చుక్క, అయిదు అని ఉంది. ఇదేంది?"

శివనాగు చూశాడు.

అది వేగం. రెండు నెలల కిందట తనే పెట్టాడు. ముగ్గురివి వింటేగానీ తనది పెట్టకూడదు కదా, త్వరగా అయిపోతుందని ఒకటిన్నర రెట్లు చేశాడు. శ్రుతి మారదు, గొంతు మారదు, ఒక్క నడకే మారుతుంది. నాలుగు రోజులకు చెవి అలవాటు పడింది. అలవాటయ్యాక మరిచిపోయాడు. ఈ రెండు నెలల్లో ఏలూరు వీణావిడకు 'పరుగు' అని రాశాడు. కడప లెక్చరరుగారికి 'పరుగు' అని రాశాడు. ఎవరిది విన్నా పరుగే వినిపించింది. ఈ జనానికి ఇంత తొందరేమిటో అని ఒక్కోసారి జాలి కూడా పడ్డాడు. ఇప్పుడు అవన్నీ ఒక్కొక్కటే కళ్ల ముందుకొస్తుంటే చాప కింద నేల చీలితే బాగుండుననిపించింది.

"వేగం గురువుగారూ. పాడినదానికంటే ఒకటిన్నర రెట్లు."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

సాహెబు తిడితే బాగుండేది. తిట్టు పడితే తలదించుకుని కూర్చునే వీలుంటుంది.

"మామూలుగా పెట్టు," అన్నాడు.

శివనాగు మొదటి నుంచి పెట్టాడు. వేరే మనిషి పాడుతున్నట్టుంది. వణికిందని తను రాసిన గాంధారం వణకడం లేదు. నెమ్మదిగా, నిండుగా ఊగుతోంది. నిద్రపోయే పిల్ల ఉయ్యాలను నిద్ర చెడకుండా ఊపినట్టుంది ఆ ఊపు. కచేరీల్లో ఇప్పుడెవరూ అంత నిదానంగా పాడరు. ఎవరో పాతకాలపు పంతులమ్మ దగ్గర చిన్నప్పుడు పట్టుబడిన బాణీ అది. ధైవతాన్ని ఆమె దాటేయలేదు, తాకి, వదిలి, మళ్లీ వచ్చి కూర్చుంది.

లోపల పిండి కలుపుకుంటున్న మౌలాబీ, సాహెబు భార్య, ఆ చేతులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఎవరయ్యా పాడేది?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా ద్వారబంధానికి ఆనుకుంది.

రెండు నిమిషాలు దాటింది. అక్కడి నుంచి శివనాగుకు అంతా కొత్త. రెండు నిమిషాలకే పదకొండు తప్పులు దొరికాయి, చాలనుకుని నిన్న అక్కడే ఆపేశాడు. పాట ఏడు నిమిషాలకు పైగా ఉంది. చివర్లో ఒక పొడుగాటి వరుస ఉంది. ఆమె దాన్ని ఒక్క ఊపిరిలో ఎత్తుకుంది. సగం దూరం పోయాక గొంతు పలచబడింది, తెగుతుందేమో అనిపించింది. తెగలేదు. ఎలాగో చివరికంటా తెచ్చి దించింది. సాహెబు "ఆఁ" అన్నాడు, తనలో తను.

పాట అయిపోయింది. శ్రుతిపెట్టె ఇంకా మోగుతూనే ఉంది. ఆ మోతలోంచి ఆమె మాట వినిపించింది, కొంచెం ఆయాసంతో.

"ముందు వారం శివనాగుబాబు నాకు ఊపిరి సాలడం లేదని రాసినారు. నిజవే. ఈ వారమంతా పొద్దున్నే లేచి అదే సాధకం చేసాను. ఆకరి ముక్క ఇప్పుడు తెగకుండా వచ్చినాది. ఆ బాబు ఓపాలి ఇని సెప్తే బాగున్ను."

టక్కుమని ఆగిపోయింది.

"ఇని చెప్పావా నాగయ్యా?" అంది మౌలాబీ. ఆమెకేమీ తెలియదు. మామూలుగానే అడిగింది.

రాజ్యలక్ష్మి వారం రోజులు పొద్దున్నే లేచింది. ఎవరి మాట పట్టుకుని లేచిందో ఆ మనిషి ఆమెకు రెండు నిమిషాలు కూడా ఇవ్వలేదు, ఇచ్చింది కూడా తరిమి తరిమి ఇచ్చాడు.

"ఇప్పుడు వాయించు," అన్నాడు సాహెబు.

ఎత్తుకున్నాడు. గాంధారం దగ్గరికి వచ్చేసరికి ఊపు ఎక్కువైంది. ఆగి మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి బిగుసుకుపోయింది. సాహెబు "ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారీ రాలేదు. "ఇంకోసారి" అన్నాడు, అదే గొంతుతో. నాలుగోసారికి శివనాగు సన్నాయి ఒళ్లో పెట్టేసుకున్నాడు.

"రావడంలా గురువుగారూ."

"నాకూ దాని పట్టు దొరకలా," అన్నాడు సాహెబు. "ఆమెనే అడుగు, ఎట్టా పాడిందో. నెంబరు ఉందిగా?"

ఉంది. గ్రూపులోంచి మనిషి వెళ్లిపోయినా నెంబరు పోదు. లేదని చెబితే ఎంత బాగుండునో అని అతనికి ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. పొద్దుటి నుంచి ఒక అబద్ధం ఆడాడు, ఇంకోటి ఆడటానికి నోరు రాలేదు.

"నాకూ ఇనపడేట్టు పెట్టు. నేనూ నేర్చుకుంటా," అన్నాడు సాహెబు, దారం మళ్లీ అందుకుంటూ.

శివనాగు నెంబరు నొక్కాడు. మింగేసిన ఆ చివరి వాక్యం గొంతులో ముల్లులా ఉంది. నాలుగుసార్లు మోగాక అవతల ఎత్తారు.

"ఎవరండీ?"

"నేనమ్మా, శివనాగుని. నాదలోగిలి గ్రూపులో..."

"మీరా బాబూ," అంది ఆమె. ఆ గొంతులో కోపం లేదు. ఇంటికొచ్చిన మనిషికి కుర్చీ చూపించినట్టే అంది. కోపం ఉంటే ఇంత కష్టంగా ఉండేది కాదు.

"అమ్మా, మీ తోడిలో ఆ గాంధారం... సన్నాయి మీద ఎంత వాయించినా నాకు రావడం లేదు. ఎట్లా పాడారో అడుగుదామని."

"ఎగతాళా బాబూ?"

"అయ్యో, కాదమ్మా," అన్నాడు శివనాగు. "ఎగతాళి కాదు. నేను సరిగ్గా వినకుండా రాశానమ్మా. వేగం పెంచుకుని విన్నాను. పూర్తిగా కూడా వినలేదు. చివర్లో మీరు నా పేరు చెప్పింది ఇవ్వాళే, ఇప్పుడే విన్నాను. మీది వణకలేదు, పరుగెత్తలేదు. నేనే..."

మౌలాబీ పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఉండిపోయింది.

"పోన్లెండి బాబూ," అంది రాజ్యలక్ష్మి. "గాంధారం సంగతి నాకేటి తెలుస్తాది. మా పంతులమ్మ అలా సెప్పింది, అలా పాడేసాను. తప్పులు రాసినందుకు నాను ఎల్లిపోలేదు బాబూ. తప్పులుంటాయి, రాయాల. ఆకర్న ఒక మాట రాసినారు సూడండి. 'ఇలాంటివి మీ ఇంట్లోవాళ్లకి వినిపించుకోండి, ఇక్కడ పెట్టకండి' అని."

శివనాగు కళ్లు మూసుకున్నాడు.

"అది సదివి నవ్వొచ్చినాది బాబూ. మా ఇంట్లో నానొక్కదాన్నే. ఇనేవోళ్లు ఎవులూ లేకే కదా, అక్కడ పెట్టేదాన్ని."

ఆ మాట ఫోన్లోంచి వసారా అంతా వినిపించింది. సాహెబు చేతిలో దారం ఆగిపోయింది. 'అంతేనా?' అని తను అడగడం, 'అంతే' అని శివనాగు అనడం ఆయన మరిచిపోయి ఉండడు. శివనాగుకు ఆయన మొహం చూసే ధైర్యం లేదు. తొమ్మిదేళ్లలో గురువుగారి దగ్గర ఆడిన మొదటి అబద్ధం అది. ఏ మాట దాచడానికి అది ఆడాడో, ఆ మాట రాజ్యలక్ష్మి నోటితోనే, ఏ పగా లేకుండా బయటపడింది.

సాహెబు ఆ సంగతే ఎత్తలేదు. దారం ఉండ పక్కకు పెట్టి, శివనాగు చేతిలోంచి ఫోను నెమ్మదిగా తీసుకుని చాప మధ్యలో పెట్టాడు. దానికి ఎదురుగా సర్దుకుని కూర్చున్నాడు, కచేరీలో ముందు వరుసలో కూర్చున్నట్టు. మౌలాబీ వైపు చూశాడు. ఆమె కూడా వచ్చి చాప అంచున కూర్చుంది.

"అమ్మా, నా పేరు దస్తగిరి. ఈ పిల్లోడి గురువుని," అన్నాడు. "మా ఇంట్లో ముగ్గురం ఉన్నాం. పాడండి, ఇంటాం."

ఫోను పెట్టేసిందేమో అనుకున్నారు. ఆ తర్వాత అవతల ఏదో జరిపిన చప్పుడైంది. శ్రుతిపెట్టె మోగింది.

శివనాగు తల దించుకునే ఉన్నాడు. ఆమె పాడినంతసేపూ ఎత్తలేదు.